లడ్డూలు ఎవరు చుట్టారు?

కిందటి వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం మా మనవరాలు సెల్లార్‌లో ఆట మధ్యలో వదిలేసి పైకొచ్చేసింది. ఏడవలేదు కానీ ఏడుపు గొంతులోనే ఉంది. కింద ఆడుతున్నది భీమ్ ఆట. ఐదుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. మూడో అంతస్తు అబ్బాయి భీమ్. రెండో అమ్మాయి తెల్లగా ఉంటుంది కాబట్టి రాకుమారి ఇందుమతి. మా పిల్ల చుట్కీ. చుట్కీ పనేమిటంటే స్కూటర్ల పక్కన స్తంభం దగ్గర నిలబడి ఉండటం. భీమ్ అలిసిపోయి పరిగెత్తుకొచ్చినప్పుడు పాత పేపరు ఉండలు చుట్టి చేతికివ్వటం. అవి లడ్డూలు. అతను తిన్నట్టు నటించి, చేతులు చరుచుకుని, మళ్ళీ యుద్ధానికి పోతాడు. గంటసేపు ఇలా ఇచ్చాక మా పిల్ల "నేనూ కొడతాను" అందట. "నువ్వు లడ్డూలిచ్చేదానివి కదా!" అన్నాడట వాడు. అందులో కోపం లేదట, వెక్కిరింత కూడా లేదట. ఆట నియమం చెప్పాడంతే.

"అమ్మమ్మా, అన్నిసార్లూ చుట్కీ నేనే ఎందుకవ్వాలి?"

నేనేం చెప్పాలి? నలభై ఏళ్ళుగా స్త్రీల కథల మీద వ్యాసాలు రాస్తున్నదాన్ని. వంటింటి రాజకీయాల గురించి సభల్లో గంటలు గంటలు మాట్లాడినదాన్ని. మా ఇంట్లో పదిహేనేళ్ళుగా, ముందు ఒక మనవడికీ తరవాత ఈ పిల్లకీ, రోజూ అన్నం తినిపించిన బొమ్మల్ని మాత్రం ఒక్కసారి కూడా సరిగ్గా కూర్చుని చూడలేదు. టీవీ శబ్దం హాల్లో, నేను వంటింట్లో. ఆ రోజు నుంచి నెల్లాళ్ళు కూర్చుని చూశాను. హైదరాబాదు గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వాళ్ళవి దొరికినవన్నీ, వాటితో పాటు మరికొన్ని వీడియో గేములూ. ఒక రచయిత్రి రచనలన్నీ వరసగా చదివితే ఎలా ఆమె లోపల తిరిగే ప్రశ్న ఏదో మనకి పట్టుబడుతుందో, ఒక స్టూడియో బొమ్మలు వరసగా చూసినా అలాగే పట్టుబడుతుందని అప్పుడు తెలిసింది.

గ్రీన్ గోల్డ్‌ని అమెరికాలో చదువుకుని తిరిగొచ్చిన రాజీవ్ చిలక 2001లో హైదరాబాదులో మొదలుపెట్టారు. మన పిల్లలు టామ్ అండ్ జెర్రీ, జపాన్ బొమ్మలు తప్ప వేరేవి చూడని రోజులవి. బయటి కంపెనీలకి కూలిపని చేసిపెట్టడమే మన దేశంలో యానిమేషన్ అంటే. అలాంటి సమయంలో సొంత కథలు, సొంత పాత్రలు తయారుచేస్తామని నిలబడటం చిన్న సాహసం కాదు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. తొలి రోజుల్లో విక్రమార్కుడూ బేతాళుడూ వచ్చారు. తరవాత చిన్నికృష్ణుడి కథలు వచ్చాయి. ఆ కృష్ణుడు వెన్నదొంగ. ఉట్టి మీది కుండ పగలగొట్టి, మూతికి పూసుకుని, తల్లి కొంగు పట్టుకుని నవ్వే పిల్లవాడు. మనందరికీ ముద్దొచ్చే రూపమే. అయితే ఆ వెన్న ఎక్కడిది? తెల్లవారుజామున లేచి కవ్వం తిప్పిన గోపికలది. దొంగతనం లీల అయింది, చిలకటం కథకి ముందే అయిపోయిన పని. కృష్ణుడి దగ్గర మొదలైన ఈ లెక్క భీమ్ దగ్గరకొచ్చేసరికి స్థిరపడింది. వెన్న లడ్డూ అయింది.

2008 ఏప్రిల్‌లో పోగో ఛానల్‌లో 'ఛోటా భీమ్' మొదలైంది. ఢోలక్‌పూర్ అనే ఊరు. ఆ ఊరికి ఇంద్రవర్మ రాజు, అతని కూతురు ఇందుమతి. తొమ్మిదేళ్ళ భీమ్, నాలుగేళ్ళ రాజు, జగ్గు కోతి, ఎప్పుడూ పోటీకొచ్చే కాలియా, వాడి వెనక ఢోలు, భోలు. ఏడేళ్ళ చుట్కీ. ఆమె తల్లి టుంటున్ మౌసీకి లడ్డూల దుకాణం ఉంది. ఊరికి ఆపదొస్తుంది. భీమ్ ఎదిరిస్తాడు, ఒక దశలో ఓడిపోబోతాడు. అప్పుడు ఎక్కడి నుంచో లడ్డూ వస్తుంది, తరచు చుట్కీ చేతి నుంచే, ఒక్కోసారి తల్లి కంట పడకుండా తెచ్చిందే. భీమ్ నోట్లో వేసుకుంటాడు, కండలు ఉబ్బుతాయి, శత్రువు ఎగిరి పడతాడు. ఊరు జేజేలు కొడుతుంది. చుట్కీ చప్పట్లు కొడుతుంది.

పేర్లు చూడండి. చుట్కీ అంటే హిందీలో చిటికెడు. మగపిల్లవాడు ఎంత చిన్నవాడైనా భీముడే, ఆడపిల్ల చిటికెడు. కాలియా అంటే నల్లవాడు. ఊరి పిల్లల్లో తిండిపోతూ గొడవలమారీ అయినవాడికి ఆ పేరు పెట్టాలని ఎవరికి తోచిందో కానీ, తోచినప్పుడు ఆ గదిలో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. టుంటున్ పేరు ఎక్కడిదో పాత హిందీ సినిమాలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఉమాదేవి అనే గొప్ప గాయని తెరమీద లావుపాటి హాస్యనటిగా మారినప్పుడు వచ్చిన పేరు అది, ఆ తరవాత దేశమంతా లావుగా ఉన్న ఆడదాన్ని వెక్కిరించటానికి వాడిన పేరు. ఈ మౌసీ కూడా లావుగా, అప్పడాల కర్ర పట్టుకుని పిల్లల వెంట పడుతూ ఉంటుంది. ఊళ్ళో సొంత వ్యాపారం చేసుకుంటున్న ఆడమనిషి ఆమె. ఆమె సరుకు దొంగలపాలవుతుంటే మనం నవ్వాలి.

అయితే నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపేసింది వేరే విషయం. మన భీముడు వంటవాడు కదా! 'నలభీమపాకం' అని మనం రోజూ వాడే మాట. అజ్ఞాతవాసంలో ఆ భీముడు విరాటుడి కొలువులో వలలుడనే పేరుతో గరిటె పట్టాడు. కీచకుడు అవమానించినప్పుడు ద్రౌపది అర్ధరాత్రి ఎక్కడికి వెళ్ళింది? వంటశాలకి. అక్కడ నిద్రపోతున్న వంటవాణ్ణి లేపి తన బాధ తానే చెప్పుకుంది, ఏం చెయ్యాలో తానే అడిగింది. తిక్కన విరాటపర్వం చదివినవాళ్ళకి ఆ ఘట్టం గుర్తుండే ఉంటుంది, చదవనివాళ్ళకి 1963లో వచ్చిన 'నర్తనశాల' సినిమా గుర్తుంటుంది. అందులో భీముడి వేషం వేసింది బరువులెత్తటంలో పేరు పొందిన దండమూడి రాజగోపాలరావు. అంటే అంత బలశాలి చేతిలో గరిటె ఉండటం మనకి వింతగా తోచలేదు. పురాణం స్త్రీవాదానికి పుట్టిల్లని నేననటం లేదు, ద్రౌపది పడ్డ పాట్లు తెలిసినవే. కానీ బలమూ వంటా ఒకే చేతిలో ఉండటానికి అక్కడ చోటుంది. మన స్టూడియో భీముడి పేరు తీసుకుంది, గద తీసుకుంది, తిండి తీసుకుంది. గరిటె మాత్రం లాగి టుంటున్ మౌసీకీ చుట్కీకీ ఇచ్చింది. ఆధునికం అనుకున్నది అక్కడ పురాణం కంటే వెనక్కి పోయింది.

అదే 2008లో, అదే హైదరాబాదులో, ఎఫ్ఎక్స్ ల్యాబ్స్ అనే స్టూడియో ఒక వీడియో గేమ్ తయారుచేసింది. 'గజిని: ది గేమ్'. ఆమిర్ ఖాన్ సినిమాతో పాటు వచ్చింది. దేశంలో తొలి అసలైన త్రీడీ పీసీ గేమ్ అని ప్రచారం చేశారు. పదిహేనేళ్ళు నిండినవాళ్ళకని చెప్పుకున్నారు. సినిమా కథ మీకు తెలుసు. 2005లో తమిళంలో వచ్చి, తెలుగులో డబ్బింగై మన ఊరి హాళ్ళలోనూ బాగా ఆడింది. కల్పన అనే మోడల్ అమ్మాయి రైల్లో ఆడపిల్లల్ని ఎత్తుకుపోతున్న ముఠాని చూస్తుంది. భయపడి తప్పుకోదు, వాళ్ళని కాపాడుతుంది. దానికే ఆమె తలమీద ఇనపకడ్డీ పడుతుంది. ఆమె చచ్చిపోతుంది. ప్రేమించినవాడికి జ్ఞాపకశక్తి పోతుంది, పదిహేను నిమిషాలకి మించి ఏదీ నిలవదు. ఒంటినిండా పచ్చబొట్లు పొడిపించుకుని పగ తీర్చుకుంటాడు.

గేములో ఆడేవాళ్ళు నడిపేది అతన్ని. కొట్టేది, చంపేది, ఆధారాలు వెతికేది అతనే. కథలో అసలు సాహసం ఎవరిది? రైల్లోంచి ఆ పిల్లల్ని దింపిన కల్పనది. ఆ సాహసాన్ని ఎవరికీ ఆడటానికి ఇవ్వలేదు. ఆమె చావటం వరకే కావాలి. 1999లో గెయిల్ సిమోన్ అనే అమెరికన్ రచయిత్రి కామిక్ పుస్తకాల్లో హీరోకి కోపం తెప్పించటం కోసం చంపబడ్డ ఆడవాళ్ళ జాబితా ఒకటి తయారుచేసింది. 'ఫ్రిజ్‌లలో ఆడవాళ్ళు' అని దానికి పేరు. ఒక కథలో హీరో ఇంటికొచ్చేసరికి ప్రియురాలి శవం ఫ్రిజ్‌లో ఉంటుంది, అందుకని ఆ పేరు. 2013 నుంచి అనితా సర్కీసియన్ వీడియో గేముల్లో స్త్రీల గురించి వరసగా విశ్లేషణలు చేసింది. చేసినందుకు ఆమెకి ఎన్ని బెదిరింపులు వచ్చాయంటే, 2014 అక్టోబరులో యూటా స్టేట్ యూనివర్సిటీలో మాట్లాడవలసిన సభని కాల్పుల బెదిరింపు వల్ల మానుకోవలసి వచ్చింది. బొమ్మల గురించి మాట్లాడితేనే!

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది. ఒకే ఊళ్ళో, ఒకే ఏడాది. పెద్దపిల్లల ఆటలో హీరో లేచి నిలబడటానికి ఒక అమ్మాయి చావాలి. చిన్నపిల్లల బొమ్మలో హీరో లేచి నిలబడటానికి ఒక అమ్మాయి లడ్డూ తేవాలి. ఈ రెండు స్టూడియోలవాళ్ళూ కూడబలుక్కోలేదు. కూడబలుక్కోనక్కర్లేకుండా ఇద్దరికీ అదే తోచింది.

2011లో గ్రీన్ గోల్డ్ 'మైటీ రాజు' తెచ్చింది. ఈసారి పాతకాలపు పల్లె కాదు, నగరం. రాజుకి అంత శక్తి ఎలా వచ్చిందంటే, తండ్రి శాస్త్రవేత్త. అతను తయారుచేసి పెట్టిన ద్రావకాన్ని కడుపుతో ఉన్న తల్లి మంచినీళ్ళనుకుని తాగేసింది. కడుపులో ఉన్న పిల్లవాడికి బలం వచ్చింది. తల్లికో? ఆమె ఒంట్లోంచే కదా ఆ మందు పోయింది, ఆమె రక్తంలోంచే కదా! ఆమె మామూలుగానే ఉంది. వంటా పిల్లవాడి పోషణా చూసుకుంటూ. స్క్రిప్టు రాసినవాళ్ళని తప్పుపట్టి లాభం లేదు, గర్భిణి అంటే పాత్ర అని, లోపలున్నదే సరుకు అని మన ఆసుపత్రుల్లోనూ అత్తవారిళ్ళలోనూ అనుకునేదే వాళ్ళు బొమ్మ గీశారు. కానీ ఒక్క క్షణం ఊహించండి, ఆ తల్లి ఒక ఉదయం గ్యాస్ సిలిండరు ఎత్తబోయి దాంతోపాటు గోడ కూడా ఎత్తేసిందని. ఆ కథ ఎంత బాగుండేది! నేను ఆ ఎపిసోడ్ కోసం నిజంగానే ఎదురుచూశాను. నేను చూసినవాటిలో అది రాలేదు.

2012లో 'కర్స్ ఆఫ్ దమ్యాన్' సినిమాహాళ్ళకి వచ్చింది, 2013లో 'థ్రోన్ ఆఫ్ బాలి', 2019లో 'కుంగ్‌ఫూ ధమాకా'. 2024 మే నెలాఖరుకి దమ్యాన్ కథనే మనుషులతో తీసి మళ్ళీ విడుదల చేశారు, అనుపమ్ ఖేర్ కూడా నటించారు. వీటి గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. ఊరు మారుతుంది, రాక్షసుడు మారతాడు, లడ్డూ మారదు.

చెప్పవలసింది 2019 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'మైటీ లిటిల్ భీమ్' గురించి. ఇందులో భీమ్ ఇంకా పాకే పాపాయి. మాటలు లేవు. అందుకే దేశదేశాల్లో పసిపిల్లలు చూశారు. పనితనం నిజంగా బాగుంది. పిండివంటల పళ్ళెం, హోలీ రంగులు, గాలిపటం, పక్కింటివాళ్ళ పెరడు, అన్నీ మనవే. ఆ పాపాయి వెనక రోజంతా పరిగెత్తే తల్లి ఉంది. ఆమెని చూస్తూ నేను నవ్వాను, నవ్వుతూ ఉండగానే ఒక సంగతి తట్టింది. మాటలే లేని ఆ సిరీస్‌లో ఆమెని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ గుర్తొచ్చింది. ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోయిన ఆ ఇల్లాలు. ఆ కథలో ఆమె పేరు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఈ బొమ్మలో తల్లికి అంత తీరిక లేదు, పాపాయి మళ్ళీ అటక ఎక్కేస్తున్నాడు.

ఇక 2020 జూన్ సంగతి. లాక్‌డౌన్ రోజులు. భీమ్ చుట్కీని కాదని ఇందుమతిని పెళ్ళిచేసుకున్నాడని ఎక్కడో ఎవరో పుట్టించారు, దేశంలో కుర్రకారంతా 'చుట్కీకి న్యాయం' అంటూ గోల పెట్టేశారు. చివరికి గ్రీన్ గోల్డ్ వాళ్ళు ప్రకటన ఇవ్వవలసి వచ్చింది, వాళ్ళంతా ఇంకా పిల్లలే, అలాంటిదేమీ జరగలేదు, చిన్నపిల్లల్ని ప్రేమా పెళ్ళీ గొడవల్లోకి లాగొద్దని. వాళ్ళు చెప్పింది సబబే. చాలామంది ఇది వట్టి హాస్యమని కొట్టిపారేశారు. నాకలా అనిపించలేదు. ఆ హాస్యాల సారాంశం ఒక్కటే: ఇన్నేళ్ళూ లడ్డూలు పెట్టింది ఈమె, పెళ్ళి చేసుకున్నది ఆమెని. అంటే చుట్కీకి అన్యాయం జరిగిందని లక్షలమందికి తెలుసు! చాకిరీ చేసిందనీ, దానికి ప్రతిఫలం దక్కలేదనీ వాళ్ళు చాలా సూటిగా గుర్తించారు. అయితే ఆ ప్రతిఫలం పెళ్ళే అనుకున్నారు. 1972లో ఇటలీలోనూ ఇంగ్లండులోనూ స్త్రీలు ఇంటిపనికి జీతం కావాలని ఉద్యమం చేశారు. సిల్వియా ఫెడరీచీ లాంటివాళ్ళు ఏళ్ళతరబడి రాశారు. మన విమల గారి 'వంటిల్లు' కవిత చదివి ఒక తరం ఆడవాళ్ళు తమ తల్లుల్ని కొత్తగా చూశారు. ఇంత జరిగాక కూడా ఏడేళ్ళ పిల్ల చాకిరీకి న్యాయం అంటే మొగుడు దొరకటమే. 'చుట్కీకి గద ఇవ్వండి' అని ఎవరూ అడగలేదు. కనీసం 'టుంటున్ మౌసీ బాకీ తీర్చండి' అని కూడా.

ఒక స్నేహితురాలికి ఇదంతా చెబితే, "పిల్లల బొమ్మలు నీ మీద ఇంత పని చేస్తాయనుకోలేదు" అని నవ్వింది. తరవాత ఒక మంచి మాట కూడా అంది. చుట్కీ ధైర్యవంతురాలు కాదా, భీమ్‌తో సమానంగా అడవులకీ గుహలకీ వెళ్ళదా, నువ్వు లడ్డూ ఒక్కటే చూస్తున్నావు అంది. నిజమే. చుట్కీ ఉపాయంతో గట్టెక్కిన ఎపిసోడ్లున్నాయి. అయితే సెల్లార్‌లోకి దిగినది ఏమిటి? పిల్లలు వందల ఎపిసోడ్లు చూసి, వాటిలోంచి ఆటకి సరిపడా నియమాలు పిండుకుంటారు. వాళ్ళకంటే నిక్కచ్చి విమర్శకులు లేరు. వాళ్ళు పిండుకున్నది లడ్డూనే.

తరవాత భీమ్ ఫోన్‌లోకీ వచ్చాడు. ముంబైలోని నజారా కంపెనీ 'ఛోటా భీమ్ స్పీడ్ రేసింగ్' లాంటి ఆటలు తెచ్చింది. వీడియో గేముల్లో తిండి ఎప్పుడూ ఒక వింత వస్తువు. దారిలో దొరుకుతుంది. ఎవరో వండినట్టుండదు, గాలిలో వేలాడుతూ మెరుస్తుంది, తగిలితే ప్రాణం పెరుగుతుంది. 1980లో జపాన్‌లో తోరు ఇవాతానీ 'ప్యాక్-మ్యాన్' తయారుచేస్తూ ఆడపిల్లల్ని కూడా ఆకట్టుకోవాలనుకున్నాడు. ఆడపిల్లలకి ఏం ఇష్టం అని ఆలోచించి, తినటం అని తేల్చుకున్నాడు. అదే 1980లో అమెరికాలో రాబర్టా విలియమ్స్ అనే ఇద్దరు పిల్లల తల్లి తన వంటింటి బల్ల దగ్గర కూర్చుని కాగితాల మీద ఒక ఇల్లు గీసింది. ఆ ఇంట్లో వరసగా హత్యలు. భర్త ప్రోగ్రామ్ రాశాడు. 'మిస్టరీ హౌస్' అనే ఆ ఆట ఇళ్ళల్లో ఉండే కంప్యూటర్లకి బొమ్మలతో వచ్చిన తొలి సాహసకథ. జిప్ సంచుల్లో పెట్టి అమ్మారు. దాంతో లేచిన కంపెనీయే సియెర్రా. ఆడవాళ్ళకి ఏం ఇష్టమో ఒక మగవాడు ఊహిస్తున్న ఏడాదే, ఆడదానికి ఏం ఇష్టమో ఆమే చేసి చూపించింది. తిండి కాదు, హత్యా పరిశోధన!

సియెర్రా చరిత్ర అంతా మురిసిపోవలసింది కాదు. 1984లో మొదలైన 'కింగ్స్ క్వెస్ట్' వరసలో నాలుగోదానికి, 1988లో, రాబర్టా రాకుమారి రొసెల్లాని నాయికని చేసింది. తండ్రిని బతికించే పండు కోసం కూతురు బయల్దేరే కథ. ఆ కంపెనీయే 'లీజర్ సూట్ లారీ' లాంటి వెకిలి ఆటలూ అమ్ముకుంది. 1995లో రాబర్టాయే రాసిన 'ఫాంటస్మగోరియా'లో భర్త భార్య మీద చేసే అత్యాచారం దృశ్యం పెట్టింది, దాని మీద పెద్ద గొడవైంది, ఆస్ట్రేలియాలో అమ్మనివ్వలేదు. ఆడది తయారుచేసినంత మాత్రాన అన్నీ సరిపోవని మనకి సాహిత్యంలో తెలియనిదా! అయినా ఒక సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. రాబర్టాని ఆటల్లోకి లాగింది 'కొలాసల్ కేవ్' అనే పాత ఆట. అందులో బొమ్మల్లేవు, అక్షరాలే. దాన్ని తయారుచేసిన విల్ క్రౌథర్ కెంటకీలోని నిజమైన గుహల మీద అల్లాడు. ఆ గుహల్లో పాకి, కొలతలు తీసి, పటాలు గీసినవాళ్ళలో అతని భార్య ప్యాట్ క్రౌథర్ ఉంది. 1972లో ఫ్లింట్ రిడ్జ్ గుహల నుంచి మామత్ గుహకి దారి కనిపెట్టిన బృందంలో ఆమె ఒకత్తె. విడాకులయ్యాక, దూరమైన కూతుళ్ళు ఆడుకోవటానికని అతను ఆట రాశాడు. ఆట చరిత్రలో అతని పేరు మిగిలింది. ఆమె బురదలో పాకిన దారి ఆటలో 'దారి' అయింది, అంతే. అది కూడా ఒక రకం లడ్డూనే. 2023లో, డెబ్భై ఏళ్ళు దగ్గరపడ్డాక, రాబర్టా ఆ గుహనే బొమ్మలతో మళ్ళీ కట్టింది.

మన దేశంలో 2020లో పుణె నుంచి 'రాజీ' వచ్చింది. దాన్ని తయారుచేసిన స్టూడియో స్థాపకుల్లో శ్రుతీ ఘోష్ అనే చిత్రకారిణి ఉన్నారు. తమ్ముణ్ణి రాక్షసులు ఎత్తుకుపోతే అక్క త్రిశూలం పట్టుకుని వెతుకుతుంది. మా మనవరాలికి చూపించాను, గోడల మీద పరిగెత్తే ఆ పిల్లని చూసి మంచం మీంచి దూకి మోకాలు కొట్టుకుంది. నాకూ నచ్చింది. కానీ ఆడపిల్లకి త్రిశూలం ఇచ్చినంత మాత్రాన గరిటె సమస్య తీరదు కదా, గరిటె ఇంకా ఎవరి చేతిలోనో ఉండనే ఉంది.

ఆ సమస్యని నేరుగా పట్టుకున్నది నాకు కనిపించినంతలో ఒక్కటే. 2023 జూలైలో టొరంటో నుంచి ఒక తమిళ కుర్రవాడి బృందం తెచ్చిన 'వెన్బా'. దానికి 2024లో బాఫ్టా వాళ్ళు తొలి ప్రయత్నానికిచ్చే బహుమానం కూడా వచ్చింది. 1980లలో కెనడా వలసపోయిన వెన్బా అనే తమిళ స్త్రీ, భర్త, కొడుకు కవిన్. ఆట ఏమిటంటే వంట. ఇంకేమీ లేదు, రాక్షసుల్లేరు. తల్లి ఇచ్చిన వంటల పుస్తకం చిరిగిపోయింది, అక్షరాలు చెరిగిపోయాయి, మిగిలిన ముక్కల్ని బట్టి మనం వండాలి. మొదట ఇడ్లీ. ఇడ్లీ రేకుల్ని ఒకదాని మీద ఒకటి ఎలా పెట్టాలో తెలియకపోతే ఆవిరి ఆడదు, ఇడ్లీలు చెడిపోతాయి. పై రేకు గుంటలు కింద రేకు గుంటల మీదకి రాకూడదు. అది చూసి నాకు నవ్వాగలేదు. మా అమ్మ నా పన్నెండో ఏట నెత్తిమీద మొట్టి నేర్పిన విద్య అది. దాన్ని ప్రపంచమంతా చిక్కుముడిగా విప్పుకుంటోంది! వంట అంటే ప్రేమ మాత్రమే కాదు, జ్ఞానం, లెక్క, పొరపాటు చేస్తే పాడయ్యేది అని ఒక ఆట ఒప్పుకోవటం నేను చూడటం అదే మొదటిసారి. ఇంకా బాగున్నదేమిటంటే, చివరికొచ్చేసరికి ఆ పుస్తకం కొడుకు చేతికొస్తుంది. వాడికి తమిళం సరిగ్గా చదవటం రాదు. తడుముకుంటూ వండుతాడు.

ఇంత రాశాక నా సంగతి రాయకపోతే తప్పవుతుంది. మా అబ్బాయి పదో తరగతి పరీక్షలకి చదువుకుంటున్నప్పుడు రాత్రి పదింటికి పాలగ్లాసు పట్టుకెళ్ళమని రోజూ కూతురికి పురమాయించింది నేనే. దాని ఇంటర్ పరీక్షలు కూడా అదే నెలలో. ఆ రోజుల్లోనే నేను ఒక సదస్సు కోసం 'గృహశ్రమ, అదృశ్యత' మీద పత్రం రాసుకుంటున్నాను. ఆ పత్రం బాగుందన్నారు. గ్లాసు సంగతి కూతురు నాకు గుర్తుచేసింది చాలా ఏళ్ళ తరవాత, అదీ నవ్వుతూ. ఆ నవ్వుకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. దాని కూతురే ఇప్పుడు సెల్లార్‌లో చుట్కీ.

మర్నాడు సాయంత్రం మా పిల్ల కిందకి వెళ్ళి, ఈ రోజు భీమ్ నేను అంది. పెద్ద గొడవే అయింది. చివరికి మూడో అంతస్తు అబ్బాయి ఒప్పుకున్నాడు కానీ చిక్కు ప్రశ్న వేశాడు. "మరి లడ్డూలెవరిస్తారు?" "నువ్వే." "నాకు చెయ్యటం రాదుగా!" పేపరు ఉండలు చుట్టటం వాడికి రాకపోవటమేమిటి, అది వాడి గౌరవ సమస్య. వాదన మెట్లెక్కి మా గుమ్మం దాకా వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో ఎదురింటివాళ్ళ గృహప్రవేశానికి బూందీ లడ్డూలు చేస్తున్నారు. గాజువాక వైపు నుంచి వచ్చే ఆవిడ చేస్తోంది, పాతికేళ్ళుగా మా వీధిలో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఆవిడే. మోచేతి దాకా నూనె చిందిన మచ్చలు. బూందీ దూసి, పాకంలో వేసి, ఏలకులపొడి చల్లి కలుపుతోంది. పిల్లలిద్దరూ గడపలో నిలబడ్డారు. "రా బాబూ, సుడతావేటి?" అని ఆవిడ వాడికి చిన్న పీట వేసింది.

వాడు చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. "అమ్మో, వేడి!"

"సల్లారితే ఉండ కట్టదు బాబూ, ఏడి మీదే సుట్టాల. సెయ్యి కాల్తాది మరి," అంటూ ఆవిడ రెండు చేతులతో నాలుగు చుట్టి పళ్ళెంలో పడేసింది. వాడు అరచేతులు ఊదుకుని, నెయ్యి రాసుకుని, మళ్ళీ ముద్ద తీసుకున్నాడు. మొదటిది పొడిపొడిగా విరిగిపోయింది. భీమ్ గడపలో నిలబడి, చేతులు నడుముకి పెట్టుకుని, ఆకలిగా చూస్తోంది.